వెనుక కూర్చున్న కారు

2003 డిసెంబరు నెల. క్రిస్మస్ పండుగకు ఇంకా నాలుగు రోజులు ఉంది. అవుకులోని మా ఇంటి నుండి నంద్యాలలో ఉన్న మా అక్కగారింటికి బయలుదేరాము. కారు 1984 నాటి అంబాసిడర్. నాన్నగారు 1998లో సెకండ్‌హ్యాండులో కొన్నారు. ముందు సీటులో నాన్నగారు, నేను, మా చిన్నాన్న కొడుకు కూర్చున్నాము. వెనుక సీటులో అమ్మ, పెద్దమ్మ, ఏడో నెల గర్భవతి అయిన మా చెల్లెలు, పెద్దవాళ్ళ ఒడిలో ఇద్దరు పిల్లలు. డిక్కీలో రెండు బియ్యం మూటలు, ఒక పెద్ద వంటపాత్ర.

బనగానపల్లె దాటేవరకు ఒక శబ్దం వింటూనే ఉన్నాము. కారు గుంతలో పడి లేచినప్పుడల్లా వెనుక నుండి "సర్ర్" మని ఏదో రాసుకుంటున్నట్లు వినబడేది. రబ్బరు కాలిన వాసన కూడా వచ్చింది. "రోడ్డు బాగలేదులే" అన్నారు నాన్నగారు. ఆ మాటతో అందరమూ సరిపెట్టుకున్నాము. పాణ్యం దాటిన తరువాత వెనుక ఎడమ టైరు తుపాకీ పేలినట్లు పేలింది. కారు ఒక్కసారిగా ఎడమకు లాగుకొని పోయి, రోడ్డు దిగి, చింతచెట్టుకు నాలుగు అడుగుల దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అమ్మ మాత్రం చెల్లెలి చేయి పట్టుకొని చాలాసేపు వదలలేదు.

చక్రం విప్పి చూస్తే సంగతి అర్థమైంది. టైరు భుజం చుట్టూ గీత గీసినట్లు రబ్బరు కోసుకుపోయి లోపలి దారాలు బయటపడి ఉన్నాయి. పైన మడ్‌గార్డు అంచు పెయింటు పోయి, కత్తి అంచులాగా మెరుస్తోంది. ఆ టైరు ఒక్కరోజులో పాడైనది కాదు. కొన్ని నెలలుగా ఆ అంచు దానిని కోస్తూనే ఉంది. కారు వెనుక భాగం కుంగిపోయిందని మాకు తెలియక కాదు. వీధిలో పిల్లలు కూడా "మీ కారు కూర్చుంది" అని నవ్వేవారు. అది చూపుకు బాగుండని విషయమే అనుకున్నాము గాని, ప్రాణం మీదికి వచ్చే విషయమని అనుకోలేదు.

మన పల్లెల్లో ఇప్పటికీ పాత కార్లు, జీపులు, వ్యానులు నమ్ముకొని బ్రతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆగిపోయింది. అయినా ఆ కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అంబాసిడర్‌కే కాదు, ప్రీమియర్ పద్మినికి, పాత మహీంద్రా జీపుకు, మారుతి ఓమ్ని వ్యానుకు, బొలెరోకు కూడా వెనుక బరువు మోసేవి కమాన్ కట్టలే. కనుక మేము టైరు పోగొట్టుకొని నేర్చుకొన్న సంగతులు మీకు ఊరికే అందాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కమాను చేసే పని

కమాన్ కట్ట అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. అన్నిటికంటే పొడవైన దానిని మెయిన్ ప్లేటు అంటారు. దాని రెండు కొనలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ముందు కొన కారు అడుగుభాగానికి స్థిరంగా బిగించి ఉంటుంది. వెనుక కొన షాకిల్ అనే ఊగే ముక్కకు వేలాడుతుంది. బరువు పడినప్పుడు విల్లులా వంగి ఉన్న కమాను చదునై, పొడవు కొద్దిగా పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకు చోటిచ్చేదే షాకిల్. కట్ట నడుమ గుండా పోయే సెంటర్ బోల్టు పట్టీలను, ఇరుసును తమ చోట నిలుపుతుంది. యూ-బోల్టులు కమానును ఇరుసుకు గట్టిగా బిగించి ఉంచుతాయి.

ఉక్కు ఒక హద్దు వరకు ఎంత బరువు వేస్తే అంత వంగి, బరువు తీయగానే తిరిగి యథాస్థితికి వస్తుంది. వేసిన బరువును బట్టే వంపు ఉంటుందన్న ఈ సూత్రాన్ని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. హద్దు దాటి వంగిన ఉక్కు మాత్రం పూర్తిగా వెనుకకు రాదు. కొంత వంపు దానిలో శాశ్వతంగా నిలిచిపోతుంది. ఏళ్ళ తరబడి ఎక్కువ బరువు మోసి, గుంతలలో దెబ్బలు తిన్న కమాను ఈ విధంగా కొంచెం కొంచెంగా తన విల్లును పోగొట్టుకుంటుంది. దానినే మనము "కుంగింది" అంటాము.

మన ప్రాంతపు రోడ్లు కూడా దీనికి తోడు. కోయిలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు పగుళ్ళిస్తుంది. దానిమీద వేసిన రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. ఇటు అవుకు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు నాపరాళ్ళ లారీలు తిరిగే రోడ్లకు గుంతలు తప్పవు. నిలిచి ఉన్న బరువుకంటే ఎగిరి పడే బరువు కమానుకు ఎన్నో రెట్లు కష్టం.

ముందు కొలవండి

మరుసటి రోజు నంద్యాలలో ఒక వయసు మళ్ళిన మేస్త్రి దగ్గరకు కారు తీసుకొనిపోయాము. ఆయన జాకీ ముట్టలేదు, సుత్తి ముట్టలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం పెద్దాయనా, ఎప్పట్నుంచి కూచునింది బండి?" అని అడిగాడు. నాన్నగారు "రెండేళ్ళయింది మేస్త్రీ" అన్నారు. "రెండేండ్లు చూస్తా ఊరకుంటిరా!" అని, జేబులో నుండి టేపు తీశాడు.

ఆయన చేసిన కొలత ఎవరైనా ఇంటి దగ్గర చేసుకోవచ్చు. కారును చదునైన చోట ఖాళీగా నిలపాలి. నాలుగు టైర్లలోనూ గాలి సరిగా ఉండాలి. చక్రం నడిమి బిందువు నుండి సూటిగా పైకి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవాలి. నేల నుండి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా లెక్కలో కలుస్తాయి. చక్రం నడుమ నుండి కొలిస్తే కమాను సంగతి ఒక్కటే తెలుస్తుంది. కుడి ఎడమల కొలతలు కాగితం మీద వ్రాసుకోవాలి. తరువాత మామూలుగా ఎక్కే మనుషులను కూర్చోబెట్టి మళ్ళీ కొలవాలి.

మా కారుకు ఎడమ పక్క కుడికంటే అంగుళంన్నర తక్కువ వచ్చింది. అయినా మేస్త్రి అంతటితో తీర్పు చెప్పలేదు. ముందు వైపు ఒక మూల కుంగినా, దానికి ఎదురు మూలన వెనుక భాగం ఎత్తు మారవచ్చునట. అంబాసిడర్‌కు ముందు కమాన్లు ఉండవు, మెలిపడే కడ్డీలు ఉంటాయి. వాటిలో ఒకటి నీరసించినా కారు వాలుతుంది. కనుక ముందు భాగాన్ని సరిగ్గా నడుమ ఒక్క చోట జాకీ మీద కొద్దిగా లేపి చూశాడు. ముందు భాగం ఒక్క బిందువు మీద నిలిస్తే అది ఎటూ వాలును కలిగించలేదు. అప్పటికీ కారు ఎడమకే వాలి ఉంది. "రోగం వెనకనే ఉండాది" అన్నాడు.

దొరికిన కారణాలు

చక్రాలు తీసి, ఇనుప బ్రష్షుతో మట్టి గీకి, టార్చి వేసి చూస్తే ఒకటి కాదు, నాలుగు లోపాలు కనబడ్డాయి.

ఒకటి, ఎడమ కట్టలో రెండవ పట్టీ విరిగి ఉంది. విరుపు క్లిప్పు చాటున ఉండడం వల్ల పైకి కనబడలేదు. లోపలి విరుపు అంచంతా తుప్పు పట్టి ఉంది కనుక అది పాత విరుపే.

రెండు, షాకిల్ బుష్‌ల రబ్బరు పిండిలాగా రాలిపోయింది. దానితో ఇరుసు పక్కలకు జరిగే సందు ఏర్పడింది.

మూడు, కారు అడుగున ఇరుసుకు పైగా ఉండే బంపు రబ్బర్లు రెండూ ఎప్పుడో ఊడిపోయాయి. ఇది చాలామంది పట్టించుకోని వస్తువు. కారు గుంతలో పడి పూర్తిగా కిందికి దిగినప్పుడు ముందుగా ఈ రబ్బరు ఇరుసును తాకి, ఇక దిగనీయకుండా ఆపాలి. అది లేకపోతే ఆ పని టైరు మీద పడుతుంది. మా టైరును కోసిన అంచు వెనుక కథ ఇదే.

నాలుగవది మా స్వంత తెలివి. ఎత్తు పెరుగుతుందని ఆరు నెలల క్రితం ఒక సైజు పెద్ద టైర్లు వేయించాము. ఆ కారుకు రావలసినది 5.90-15 సైజు. పెద్ద టైరు వేస్తే కారు నేల నుండి లేస్తుంది, నిజమే. కాని మడ్‌గార్డుకు, టైరుకు మధ్య ఉన్న కాస్త సందూ పోతుంది. కుంగిన కారుకు పెద్ద టైరు వేయడమంటే, చూరు కిందికి వంగిన ఇంటిలో తలపాగా చుట్టుకొని తిరిగినట్లే.

టైరు ఎక్కడ తగులుతుంది?

టైరు రాసుకుంటుందో లేదో, ఎక్కడ రాసుకుంటుందో తెలుసుకోవడానికి మేస్త్రి చెప్పిన ఉపాయం చాలా సులువు. తడి సున్నం టైరు రెండు భుజాలకూ, లోపలి పక్కకూ పూసి ఆరనివ్వాలి. తరువాత మామూలు బరువుతో, నెమ్మదిగా, రెండు మూడు ఎత్తుపల్లాలు దాటించి తీసుకొని రావాలి. సున్నం చెరిగిన చోటే తగులుతున్న చోటు. శబ్దం వస్తున్నా, దారాలు కనబడుతున్నా మాత్రం ఈ పరీక్షకు కూడా ఆ టైరుతో రోడ్డెక్కవద్దు.

బయటి భుజం మీద చెరిగితే మడ్‌గార్డు అంచు తగులుతున్నది. కారు ఎత్తు తగ్గడమో, టైరు పెద్దది కావడమో కారణం. లోపలి పక్క చెరిగితే కమానుకో, షాక్ అబ్జార్బర్‌కో తగులుతున్నది. బుష్‌లు పోయి ఇరుసు పక్కకు జరగడమో, ఆ కారుకు చెందని రిమ్ము వేయడమో కారణం కావచ్చు. చక్రం మడ్‌గార్డు నడుమ కాకుండా ముందుకో వెనుకకో జరిగి కనబడితే సెంటర్ బోల్టు తెగిందేమో చూడాలి. అది తెగితే ఇరుసు ఒక పక్క వెనుకకు జారి, కారు నక్క నడిచినట్లు ఏటవాలుగా నడుస్తుంది. అలాంటి కారును మరమ్మత్తు చేసేవరకు కదపకూడదు.

తొందరపాటు వైద్యాలు

మేము నంద్యాల మేస్త్రి దగ్గరకు రాకముందు ఒకచోట ఈ కమాన్లు విప్పించి, చల్లగా ఉండగానే సుత్తితో కొట్టించి వంపు తెప్పించాము. మధ్యాహ్నానికి కారు ఠీవిగా లేచింది. మూడు వారాలలో మళ్ళీ కూర్చుంది. ఎందుకని మేస్త్రిని అడిగాను. "కొడవలికి పదును పోతే ఏం చేస్తారు? కొలిమిలో పెట్టి, కాల్చి, ముంచి మళ్ళా పదును పెడతారు. దీనికీ అంతే. ఊరకే కొడితే వంపు వస్తాది, పదును రాదు" అన్నాడు.

కమాను ఉక్కును మళ్ళీ వంచాలంటే కట్ట విప్పి, ఒక్కొక్క పట్టీని కొలిమిలో సుమారు 850 నుండి 900 డిగ్రీల వరకు ఎర్రగా కాల్చి, అచ్చులో వంచి, నూనెలో ముంచి గట్టిపరచాలి. అంతటితో ఆపితే అది గాజులాగా పెళుసుగా ఉంటుంది. కనుక మళ్ళీ 400 నుండి 500 డిగ్రీల వేడికి తెచ్చి చల్లార్చాలి. అప్పుడే గట్టిదనము, సాగుదల రెండూ ఉంటాయి. ఈ పని కమాన్లు చేసే అంగడిలోనే జరగాలి. కారు కిందనే గ్యాసు మంటతో కమానును కాల్చడం అన్నిటికంటే చెడ్డ పని. అది ఉన్న పదునును కూడా చంపుతుంది.

మరి కొన్ని తొందరపాటు వైద్యాలు కూడా మన రోడ్ల మీద కనబడుతుంటాయి.

లారీ పట్టీ ఒకటి చేర్చడం. పట్టీ మందం రెట్టింపైతే దాని బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. కారు లేస్తుంది గాని ఎద్దులబండిలాగా ఎగురుతుంది. ఆ దెబ్బ అంతా కమాను బిగించిన రేకుల మీద పడి అవి పగులుతాయి. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్లు విడిగా గట్టి ఛాసిస్ లేదు. అడుగు రేకులే ఆ బరువు మోయాలి.

కమానుకు ఇరుసుకు మధ్య దిమ్మె పెట్టడం. కమాను ఇరుసు పైన ఉండే వాహనంలో దిమ్మె పెడితే కారు లేస్తుంది. కమాను ఇరుసు కింద ఉండే వాహనంలో అదే దిమ్మె కారును ఇంకా కిందికి దించుతుంది! ఏది ఎక్కడుందో చూడకుండా ఇతరులను చూసి చేయించుకొన్నవారు నష్టపోతారు.

పొడుగు షాకిల్ వేయడం. షాకిల్ ఒక అంగుళం పొడవు పెంచితే చక్రం దగ్గర కారు లేచేది సుమారు అర అంగుళమే. పైగా మలుపులలో వెనుక భాగం ఊగుతుంది.

కొత్త షాక్ అబ్జార్బర్లు వేయడం. పాత కార్లకు వచ్చే మామూలు షాక్ అబ్జార్బర్ బరువు మోసేది కాదు, ఊపును ఆపేది. అవి పోతే మార్చవలసినదే గాని, వాటివల్ల కుంగిన కారు లేవదు.

మడ్‌గార్డు అంచు కోసివేయడం. ఆ మడత రేకుకు బలం. కోస్తే బలం పోతుంది, కోసిన అంచు తుప్పు పడుతుంది, కారణం అలాగే ఉంటుంది. కారు ఎత్తు సరిచేసిన తరువాత కూడా అంచు కొద్దిగా తగులుతుంటే, చెక్క అడ్డు పెట్టి లోపలికి మడిచి, పెయింటు వేయించవచ్చు.

సరియైన మరమ్మత్తు

మేస్త్రి మా కారుకు చేసిన పని రెండు రోజులు పట్టింది. ముందుగా కమాను బిగించే రేకులను సుత్తితో తట్టి చూశాడు. తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. బాగున్న రేకు ఖణీమంటుంది. మా కారు రేకులు బాగానే ఉన్నాయి. అవి బాగలేకపోతే ఎంత మంచి కమాను వేసినా ప్రయోజనం లేదు, ముందు రేకు పని చేయించాలి.

తరువాత రెండు పక్కల కమాన్లూ విప్పించాడు. విరిగినది ఎడమ పక్కదే అయినా రెండూ జతగా బాగుచేయాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే కారు మళ్ళీ వాలుతుంది, బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగుతుంది. విరిగిన పట్టీ స్థానంలో అదే వెడల్పు, అదే మందం గల కొత్త పట్టీ వేసి, మిగిలిన వాటికి కొలిమిలో వంపు, పదును పెట్టించాడు. పట్టీల మధ్య తుప్పు గీకి గ్రాఫైటు గ్రీజు పూశాడు. యూ-బోల్టులు, సెంటర్ బోల్టులు, బుష్‌లు, బంపు రబ్బర్లు అన్నీ కొత్తవి. టైర్లు మళ్ళీ 5.90-15.

ఒక చిన్న సంగతి నాకు బాగా గుర్తు. బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద ఉండగా చివరి బిగింపు బిగించలేదు. కారును నేలమీదికి దించి, దాని బరువు చక్రాల మీద పడిన తరువాతనే బిగించాడు. గాలిలో బిగిస్తే రబ్బరు ఆ స్థితిలో పట్టుకొని, కారు దిగగానే మెలిపడి త్వరగా చిరుగుతుందట. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత యూ-బోల్టులు మళ్ళీ బిగించుకోమని కూడా చెప్పాడు. కొత్త పట్టీలు సర్దుకొన్నాక అవి కొద్దిగా వదులవుతాయి.

ఎత్తు పెరిగిన తరువాత బ్రేకు హోసు బిగుతుగా లాగుకొని లేదు కదా, షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగి నిలవలేదు కదా అని కూడా చూశాడు. కారును దాని అసలు ఎత్తుకు తేవడమే మరమ్మత్తు. అంతకంటే పైకి లేపడం మార్పు అవుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 15 ఏళ్ళు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు తనిఖీ ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంటి దగ్గర ఈ పని చూచుకొనే యువకులకు ఒక మాట. జాకీ ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. స్టాండ్లు పెట్టకుండా, ముందు చక్రాలకు అడ్డు పెట్టకుండా కారు కిందికి దూరవద్దు. కమాన్ కట్టను బిగింపులో పట్టకుండా సెంటర్ బోల్టు విప్పవద్దు. అణగి ఉన్న పట్టీలు ఒక్కసారిగా విచ్చుకొని చేతులు విరిచిన సందర్భాలున్నాయి.

బరువు లెక్క

పని అంతా అయిన తరువాత నాన్నగారు డబ్బులిచ్చి, "ఇక కుంగదు కదా మేస్త్రీ?" అన్నారు. ఆయన నవ్వి, "కుంగేది కుంగనిది నా చేతిలో లేదు పెద్దాయనా. ఎంతమంది ఎక్కుతారు దీంట్లో?" అని అడిగాడు. నాన్నగారు జవాబు చెప్పలేదు.

నాన్నగారి సంగతి మా ఊరిలో అందరికీ తెలుసు. ఆదివారం గుడికి పోతూ దారిలో ఎవరు నడుస్తూ కనబడినా కారు ఆపుతారు. ముసలివారు, పసిపిల్లల తల్లులు, కాలు నొప్పి ఉన్నవారు ఎవరినీ కాదనలేరు. ఐదుగురి కారులో తొమ్మిదిమంది, పదిమంది ఎక్కిన రోజులున్నాయి. కోత పండుగకు కానుకగా ఇచ్చే వడ్ల మూటలు కూడా ఆ డిక్కీలోనే వచ్చేవి. "పాపం, ఎండలో నడుస్తున్నారు" అనే మాటకు ఎదురు చెప్పడం మాకు చేతనయ్యేది కాదు.

మేస్త్రి నేలమీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ఎద్దులబండిలో వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది కదా, కారులో కూడా అంతే. వెనుక సీటు దాదాపు ఇరుసు దగ్గరే ఉంటుంది, డిక్కీ ఇరుసుకు వెనుక ఉంటుంది. అంబాసిడర్‌లో ముందు చక్రానికి, వెనుక చక్రానికి మధ్య దూరం సుమారు 8 అడుగులు. ఇరుసుకు రెండున్నర అడుగులు వెనుకగా 100 కిలోల మూటలు వేస్తే వెనుక ఇరుసు మీద పడేది 100 కాదు, సుమారు 130 కిలోలు. ఆ అదనపు 30 కిలోలు ముందు చక్రాల మీద తగ్గుతాయి. అందుకే స్టీరింగు తేలికై, మలుపులో మాట వినదు.

దీపాల సంగతి కూడా ఇంతే. వెనుక భాగం ఒక్క అంగుళం కుంగినా, 100 అడుగుల దూరంలో హెడ్‌లైటు వెలుగు దాదాపు ఒక అడుగు పైకి లేస్తుంది. మన కారు కుంగడం ఎదుటి నుండి సైకిలు మీద వచ్చేవాని కళ్ళు కప్పుతుంది. మనము చేసిన మేలు లోపల కూర్చున్నవారికి తెలుస్తుంది, చేసిన కీడు ఎదురుగా వచ్చేవారికి తెలుస్తుంది.

ఆ రాత్రి నాన్నగారు అక్కగారింట్లో భోజనం దగ్గర ఎక్కువ మాట్లాడలేదు. చెల్లెలు పిల్లలకు అన్నం తినిపిస్తుంటే చూస్తూ కూర్చున్నారు. తరువాత, "ఎక్కించుకోవడం మంచిదే అనుకున్నాను. ఎంతమందిని ఎక్కిస్తున్నానో లెక్క చూసుకోలేదు" అన్నారు. అంతే, మరి ఆ మాట ఎత్తలేదు.

కాని తిరిగి అవుకు వచ్చిన తరువాత వచ్చిన మొదటి ఆదివారం ఆయన అరగంట ముందుగా లేచారు. ఐదుగురిని గుడి దగ్గర దింపి, మళ్ళీ వెనుకకు వెళ్ళి మిగిలినవారిని తెచ్చారు. ఆ తరువాత అదే అలవాటైంది. మూటలు మా చిన్నాన్న ట్రాక్టరులో వచ్చేవి. పెట్రోలు కొంచెం ఎక్కువైంది, నిద్ర కొంచెం తగ్గింది, కాని నడిచి వచ్చేవారిని వదిలిపెట్టలేదు. ఫిబ్రవరి చివరిలో ఒక రాత్రి చెల్లెలికి నొప్పులు మొదలైనప్పుడు అదే కారులో, అదే రోడ్డు మీద, నలుగురమే నంద్యాలకు వెళ్ళాము. వెనుక నుండి ఏ శబ్దమూ రాలేదు. తెల్లవారకముందే ఆడపిల్ల పుట్టింది.

మీ ఇంటి ముందు నిలిచి ఉన్న వాహనం కొద్దిగా వెనుకకు వాలినట్లు కనబడితే, ఈ చిన్న పట్టికను దగ్గర ఉంచుకోండి.

1. ఖాళీ కారును చదునైన చోట నిలిపి, గాలి సరిచూసి, చక్రం నడుమ నుండి మడ్‌గార్డు అంచు వరకు రెండు పక్కలా కొలిచి, తేదీతో సహా వ్రాసి పెట్టండి. ఆరు నెలలకొకసారి మళ్ళీ కొలవండి.

2. రాసుకునే శబ్దం, కాలిన రబ్బరు వాసన వస్తే ప్రయాణం ఆపి టైరు భుజాలు, లోపలి పక్క చేతితో తడిమి చూడండి. దారాలు కనబడితే ఆ టైరుతో ముందుకు పోవద్దు.

3. ఎత్తించే ముందు కారణం అడగండి. పట్టీ విరిగిందా, బుష్ పోయిందా, రేకు తుప్పు తిన్నదా, టైరు సైజు మారిందా?

4. కమాన్లు రెండు పక్కలా జతగా చేయించండి. చల్లని సుత్తి దెబ్బలతో గాని, గ్యాసు మంటతో గాని వంపు తెప్పించవద్దు.

5. బంపు రబ్బర్లు ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి.

6. డిక్కీలో వేసే బరువును, సీట్లలో ఎక్కే మనుషులను కలిపి లెక్క చూడండి. ఎక్కువైతే రెండు ట్రిప్పులు వేయండి.

మా నాన్నగారు 2015లో కన్నుమూశారు. ఆ కారు ఇప్పటికీ మా పెరటి రేకుల కింద ఉంది. పండుగలకు మాత్రమే బయటికి తీస్తాము. మొన్న డ్యాష్‌బోర్డు అరలో వెదుకుతుంటే ఆయన చేతివ్రాతతో ఉన్న చిన్న నోటుపుస్తకం దొరికింది. ప్రతి ఆరు నెలలకూ కుడి, ఎడమ కొలతలు, తేదీలు వరుసగా ఉన్నాయి. చివరి పేజీలో ఆదివారాల పేర్ల పట్టిక ఉంది: మొదటి ట్రిప్పులో ఎవరు, రెండవ ట్రిప్పులో ఎవరు అని. రెండవ ట్రిప్పులో ప్రతిసారీ మొదటి పేరు అమ్మది.